ముందుగా తెలిసినవాని బాధ్యత

ప్రియ చదువరీ, నీ పొరుగువాడు రేపు పడబోవు గొయ్యి ఈ దినమే నీ కంటబడిన యెడల నీవేమి చేయుదువు? కేక వేసి హెచ్చరింతువా? వెళ్లి చేయి పట్టుకొందువా? లేక, "నేను అనుకొనినట్లే జరిగినది" అని తరువాత చెప్పుకొనుటకై ఊరకుందువా? ఇది పిల్లలనడుగు ప్రశ్నవలె కనబడవచ్చును. అయితే మన కాలములో వైద్యులును, లెక్కలు కట్టు యంత్రములును ఈ ప్రశ్నను మన గుమ్మము యొద్దకే తెచ్చియున్నవి.

ఒక మనుష్యునికి పెద్ద వ్యాధి ఉన్నదని వైద్యుడు చెప్పుటకు పది నిమిషములు చాలును. ఆ మాట విన్న మనస్సు కృంగుటకు వారములు, నెలలు పట్టవచ్చును. ఎవరు కృంగుదురో, ఎవరు నిలుతురో ముందుగానే కొంతవరకు తెలిసికొనవచ్చునని ఇప్పుడు వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఆలాగు తెలిసికొనుట మేలేనా? తెలిసికొనినవాడు ఆ రోగికి ఏమి ఋణపడియున్నాడు? ఈ సంగతిని నీతో కలిసి ఆలోచింపగోరుచున్నాను. వైద్యుడనై కాదు, ఒకసారి ఈ విషయములో తప్పిపోయిన కాపరినై వ్రాయుచున్నాను.

నా సంఘము కూకట్‌పల్లిలో ఉన్నది. ఇక్కడ హౌసింగ్ బోర్డు వారి పాత యిండ్ల నడుమ ఎత్తయిన భవనములు లేచినవి. తెల్లవారగానే యౌవనస్థులు మాదాపూరు తట్టును, హైటెక్ సిటీ తట్టును ప్రవాహమువలె పోవుదురు. వారి యిండ్లలో అంట్లు తోము స్త్రీలు ఇరుకు సందులలోని గదులలో కాపురముందురు. ఆదివారమున ఈ ఇరు తెగలవారును ఒకే బల్లమీద కూర్చుందురు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒకే నెలలో మా సంఘస్థులలో ఇద్దరికి క్యాన్సరు ఉన్నదని తెలిసెను. ఒకరు అరువది యేండ్లు దాటిన విధవరాలు. ఇండ్లలో పనిచేసి బ్రదుకునది. చదువు లేదు, కుమారుడు దూరమున ఉన్నాడు. రెండవవాడు ముప్పదినాలుగేండ్ల సాఫ్ట్‌వేరు ఉద్యోగి. మంచి జీతము, చదువుకొన్న భార్య, చిన్న కుమార్తె, కంపెనీవారిచ్చిన ఆరోగ్య భీమా అన్నియు ఉన్నవి. ఈ ఇద్దరిలో ఎవరు కృంగిపోవుదురని నన్నెవరైన అడిగియుండిన యెడల, నేను తడవు చేయక ఆ విధవరాలినే చూపియుందును. అందుచేత వారమునకు రెండు మారులు ఆమె గదికి వెళ్లితిని. ఆ యౌవనస్థుని యొద్దకు నెలకొకసారి వెళ్లితిని. వెళ్లినప్పుడెల్ల అతడు నవ్వుచు ఎదురు వచ్చెను. "నీ ధైర్యము మా అందరికిని మాదిరి" అని చెప్పి, అతని భుజము తట్టి, ప్రార్థన చేసి వచ్చుచుంటిని. ఒక ఆదివారమున అతనిని నిలువబెట్టి సంఘమునకు చూపితిని కూడ.

శస్త్రచికిత్స జరిగెను, మందులు ఎక్కించుట ముగిసెను, రిపోర్టు బాగున్నదని వైద్యులు చెప్పిరి. మేము కృతజ్ఞతాస్తుతులు చెల్లించితిమి. మూడు వారములైన తరువాత ఒక రాత్రి పదకొండు గంటలకు అతని భార్య ఫోను చేసెను. "అయ్యగారూ, ఒక్కసారి రండి. ఆయన నాలుగు రోజులుగా స్నానము చేయలేదు. పాపను ఎత్తుకోవడము లేదు. తాను లేకుంటేనే మాకు సుఖమంటున్నారు" అనెను. నేను వెళ్లునప్పటికి అతడు దీపము లేని బాల్కనీలో కూర్చుండియుండెను. ఆ రాత్రి మేమెవ్వరమును అతనిని ఒంటరిగా విడువలేదు. తెల్లవారగానే మనోవైద్యుని యొద్దకు తీసికొని వెళ్లితిమి. మందులవలనను, మాటలవలనను అతడు మెల్లమెల్లగా తేరుకొనెను. అందుకు ఎనిమిది నెలలు పట్టెను.

తేరుకొనిన తరువాత అతడు నాతో చెప్పిన మాట నేను మరువలేదు. "అయ్యగారూ, మీరు వచ్చినప్పుడల్లా నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు. ఇక నా భయాన్ని మీకెలా చెప్పను?" అని అతడు అడిగెను.

ఆ విధవరాలి సంగతి ఏమైనది? ఆమె కృంగిపోలేదు. ఆ సందులోని స్త్రీలు వంతులు వేసికొని ఒకతె గంజి కాచి తెచ్చెను, ఒకతె ఆసుపత్రికి తోడు వెళ్లెను, ఒకతె రాత్రి ప్రక్కన పండుకొనెను. ఆమె ఏడ్చుటకు సిగ్గుపడలేదు. ఏడ్చినప్పుడు వినువారు లేకపోలేదు. నేను ఆమె లేమిని చూచితిని గాని ఆమెకున్న కలిమిని చూడలేదు. అతని జీతమును చూచితిని గాని అతని యింటి అప్పు వాయిదాలను గూర్చి అడుగలేదు. కళాశాలలో చదువుకొను దినములలో అతడు ఒకసారి ఈలాగే కృంగియుండెనని అతని భార్యకు తెలియును. నేను అడిగియుంటే ఆమె చెప్పియుండును. నేను అడుగలేదు.

ఇప్పుడు వైద్యుల మాటకు వత్తము. పెద్ద వ్యాధి వచ్చినవారిలో ఎవరు కృంగుటకు ఎక్కువ అవకాశమున్నదో వారు అనేక సంవత్సరములుగా పరిశీలించియున్నారు. మునుపు ఒకసారి కృంగినవారు, నొప్పి తగ్గనివారు, తోడు లేనివారు, అప్పుల బాధ గలవారు, చిన్నపిల్లలు గల యౌవనస్థులు, మనస్సులోని మాట పైకి చెప్పనివారు ఎక్కువ అపాయములో ఉన్నారని వారు చెప్పుచున్నారు. ఈ పట్టికతో పోల్చినప్పుడు, ఆ యౌవనస్థుడు దాదాపు ప్రతి పంక్తిలోను ఉన్నాడని నాకు ఆలస్యముగా తెలిసినది.

దీనిని కొలుచుటకు వారు కొన్ని ప్రశ్నల పత్రములను కూడ సిద్ధపరచిరి. 1983లో జిగ్‌మండ్, స్నైత్ అను ఇద్దరు వైద్యులు ఆసుపత్రిలోని రోగులకొరకు 14 ప్రశ్నలు కూర్చిరి. ఆకలి లేకపోవుట, బడలిక అనునవి క్యాన్సరువలనను కలుగును, దుఃఖమువలనను కలుగును; గనుక శరీరమునకు సంబంధించిన అట్టి ప్రశ్నలను విడిచి, సంతోషము, భయము, ఆశ అనువాటిని గూర్చియే వారు అడిగిరి. 2001లో ప్రచురింపబడిన మరియొక పత్రములో తొమ్మిదే ప్రశ్నలు గలవు. గడచిన రెండు వారములలో ఆసక్తి తగ్గెనా, నిద్ర చెడెనా, నీ మీద నీకే అసహ్యము కలిగెనా, చచ్చిపోయిన బాగుండునని తోచెనా అని అది అడుగును. ఒక్కొక్క ప్రశ్నకు సున్న మొదలు మూడు వరకు అంకె వేయుదురు. మొత్తము 27, పదియు ఆ పైనను వచ్చినవారిని వైద్యుడు శ్రద్ధగా పరీక్షింపవలెను.

ఇది అనవసరమైన శ్రమ కాదు. 2012లో స్వీడను దేశపు పరిశోధకులు అరువది లక్షల మంది లెక్కలను పరిశీలించి ఒక సంగతిని ప్రకటించిరి. క్యాన్సరు అని తెలిసిన మొదటి వారములో తమ ప్రాణమును తామే తీసికొనుటకు గల అపాయము, ఆ వ్యాధి లేనివారితో పోల్చగా, పండ్రెండు రెట్లకు మించియుండెను. లెక్కకు అట్టివారు బహు కొద్దిమందియే. అయినను ఆ మొదటి దినములు ఎంత బరువైనవో అది చూపుచున్నది. 1993లో మాంట్రియల్ నగరమున గుండెపోటు వచ్చిన 222 మందిని ఆరు నెలలు గమనించిరి. కృంగిన మనస్సు గలవారిలోనే మరణములు ఎక్కువగా కనబడెను. మనస్సు వేరు, శరీరము వేరు అని మనము గీసిన గీతను వ్యాధి లక్ష్యపెట్టదు.

మా యొద్దనుండి మెట్రోరైలు ఎక్కిన యెడల నాలుగవ స్టేషను ఎర్రగడ్డ. అక్కడ ఛాతివ్యాధుల ఆసుపత్రియు ఉన్నది, మానసిక వైద్యాలయమును ఉన్నది. అదే రైలులో ఇంకను ముందుకు పోయిన యెడల, 1955లో ప్రారంభమైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రికి, అనగా రెడ్ హిల్స్‌కు దగ్గరగా దిగవచ్చును. ఒకే దారిపై శరీరమునకొక గుమ్మము, మనస్సునకొక గుమ్మము ఉన్నవి. మొదటి గుమ్మమునకు మనము రోగిని ఎత్తుకొని పోవుదుము. రెండవ గుమ్మము పేరు చెప్పుటకైనను సిగ్గుపడుదుము. "ఎర్రగడ్డకు పంపవలెను" అను మాటను మన ఊరిలో తిట్టుగా వాడుకొనుచున్నాము. అట్టి ఊరిలో కృంగినవాడు ఎట్లు నోరు తెరచును?

ఇప్పుడు యంత్రముల సంగతి. రోగి వయస్సు, వ్యాధి, మునుపటి మందుల చీటీలు, ఆసుపత్రి వ్రాతలు, ప్రశ్నలకిచ్చిన జవాబులు ఇవన్నియు కంప్యూటరుకు అప్పగించి, వేలకొలది పూర్వపు రోగుల వృత్తాంతములతో పోల్చి, "ఇతడు కృంగుటకు అవకాశము ఎక్కువ" అని ముందుగా చెప్పించుటకు పరిశోధకులు ప్రయత్నించుచున్నారు. అట్టి పనులు చేయు వృత్తిలోనున్నవారు మా కూకట్‌పల్లి ఇండ్లలోనే కాపురమున్నారు. మా బల్లలమీదనే కూర్చుండుచున్నారు. గనుక ఇది ఎక్కడనో జరుగు సంగతియని మనము త్రోసివేయలేము. ఈ జ్ఞానమును శపింపను, దానికి మ్రొక్కను. అయితే దానిని చేతపట్టినవాడు ఎవడైనను నాలుగు సంగతులు ఆలోచింపవలెను.

మొదటిది: ఇది ఎట్టి జోస్యమో ఎరుగవలెను. పంచాంగము గ్రహణమును ముందుగా చెప్పును. మనము విన్నను వినకున్నను గ్రహణము పట్టును, విడుచును. తుఫాను సంగతి వేరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది చనిపోయిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును కొట్టినప్పుడు మన రాష్ట్రములలో చనిపోయినవారు వందకు లోపే. రెండు తుఫానులును ఒక్కటి కావు. ఉప్పెన బలము వేరు. అయినను రెండవ మారు కొన్ని దినములు ముందుగానే తెలిసెను. తెలిసినందున జనులను మిట్టకు చేర్చిరి. గాలి ఆగలేదు గాని మనుష్యులు బ్రదికిరి. రోగి మనస్సును గూర్చిన ముందుమాట గ్రహణమువంటిది కాదు, తుఫానువంటిది. దానిని తలవ్రాతగా చదువువాడు దాని అర్థమునే చెడగొట్టుచున్నాడు.

రెండవది: అంకె మనుష్యుడు కాడు. ఒక ఉదాహరణ లెక్క చూడుము. వ్యాధి తెలిసిన వెయ్యి మందిలో 150 మంది కృంగుదురనుకొందము. యంత్రము కృంగువారిలో నూటికి ఎనుబది మందిని సరిగా పట్టుకొనుననియు, కృంగనివారిలో నూటికి ఇరువది మందిని పొరబాటున చూపుననియు అనుకొందము. అప్పుడు అది చూపువారు 290 మంది. వారిలో నిజముగా కృంగువారు 120 మంది, ఊరక చూపబడినవారు 170 మంది. మరియు కృంగువారిలో 30 మందిని అది చూడనే చూడదు. మంచి పనిముట్టే ఇంత తప్పునప్పుడు, దాని మాటనుబట్టి ఒకనిని "బలహీనుడు" అనియు మరియొకనిని "ధైర్యవంతుడు" అనియు పిలుచుట ఎంత అన్యాయము! యంత్రము లేకయే నేను ఇద్దరిలో ఇద్దరిని గూర్చియు తప్పితిని. గనుక యంత్రమును వెక్కిరించు హక్కు నాకు లేదు. చూపబడినవారి యొద్దకు మొదట పోవుట మంచిది. చూపబడనివారి యొద్దకు పోకుండుట మంచిది కాదు.

మూడవది: ఆ మాట ఎవనిది? రోగిని గూర్చి ముందుగా తెలిసిన సంగతి మొదట రోగిదే. దానిని అతని యజమానికి అందించిన యెడల ఉద్యోగమునకు ముప్పు వచ్చును. ఇరుగుపొరుగు వారికి చెప్పిన యెడల కుమార్తె పెండ్లికి ముప్పు వచ్చునని తల్లిదండ్రులు భయపడుదురు. 2017లో చేయబడిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి సంగతులను గోప్యముగా ఉంచవలెనని చెప్పుచున్నది. శరీర వ్యాధికి ఇచ్చునట్లే మానసిక వ్యాధికిని భీమా ఇయ్యవలెనని కూడ చెప్పుచున్నది. చట్టము మంచిదే. అయితే మన నాలుకను చట్టము కట్టలేదు. ప్రార్థన మనవి అను పేరుతో ఒకని గుట్టును సంఘమంతటికిని చాటుట మనలో లేదా? ఉన్నదని నేను ఒప్పుకొనవలెను. ప్రేమతో చెప్పితిమని మనము అనుకొందుము; విన్నవాడు మాత్రము బజారులో నిలువబెట్టబడినట్లు భావించును.

మన కుటుంబములలో దీనికి ఎదురైన తప్పిదమును గలదు. రోగి ఏమైపోవునో అని భయపడి, వ్యాధి పేరే అతనికి చెప్పక, "చిన్న గడ్డ" అని దాచిపెట్టుదురు. అయితే వార్డు గోడమీద ఆసుపత్రి పేరు వ్రాసియేయున్నది. తలుపు వెనుక గుసగుసలు అతని చెవిని పడుచునేయున్నవి. అందరికిని తెలిసిన సంగతి తనకు మాత్రము తెలియనట్లు నటించు భారము కూడ అతనిమీద పడును. అతడు భయమును ఎవరితో పంచుకొనును? ముందుగా కనిపెట్టుట అనగా దాచుట కాదు, చాటుట కాదు. అతనికి తగినంత, అతడు అడిగినంత, అతని ప్రక్కన కూర్చుండి చెప్పుట.

నాలుగవది, అన్నిటికంటె బరువైనది: తెలిసినవాడు నడువవలెను. మన పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామములలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఒక పని చేసిరి. దాని ఫలితములు 2017లో ప్రచురింపబడెను. ఆశా కార్యకర్తలు చేతిలో చిన్న కంప్యూటరు పలకలు పట్టుకొని ఇంటింటికి పోయి, 5,007 మందిని మనస్సు సంగతులు అడిగిరి. వారిలో 238 మంది కృంగుదల, ఆందోళనలవంటి బాధల అపాయములో ఉన్నట్లు కనబడెను. ఆ 238 మందిలో అంతకుముందు మనస్సునకు వైద్యము పొందినవారు ఇద్దరే! కార్యకర్తలు చెప్పిన తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లినవారు 30 మంది. ఇద్దరు ముప్పదిమందియగుట గొప్ప మేలు. అందుకు ఆ స్త్రీలను అభినందింపవలెను. అయినను మిగిలిన రెండు వందల పైచిలుకు మందిని తలంచుకొనుము. వారి పేర్లు తెలిసెను, వారి బాధ తెలిసెను, వైద్యుడు ఎక్కడనున్నాడో వారికిని తెలిసెను. కూలి పోవుననియో, బస్సు లేదనియో, నలుగురు ఏమందురనియో వారు గడప దాటియుండరు. తెలిసిన దానికిని స్వస్థతకును నడుమ ఒక దారి ఉన్నది. ఆ దారిని ఎవరో ఒకరు తోడుగా నడువవలెను. ఆ పని యంత్రమునకు చేతకాదు.

నడచినచోట ఫలమున్నదని కూడ మనకు తెలియును. 2010లో బోస్టను నగరపు వైద్యులు, ఊపిరితిత్తుల క్యాన్సరు ముదిరిన 151 మందిలో కొందరికి వ్యాధి తెలిసిన కొద్ది వారములనుండియే ఉపశమన వైద్యుల తోడు ఇచ్చిరి. అనగా నొప్పిని, నిద్రను, భయమును, కుటుంబపు చింతను గూర్చి అడిగి వినువారిని ఇచ్చిరి. ఆ తోడు లేనివారిలో నూటికి 38 మందిలో కృంగుదల కనబడగా, తోడు గలవారిలో నూటికి 16 మందిలోనే కనబడెను. మరియు వారు రెండు మూడు నెలలు ఎక్కువ కాలము బ్రదికిరి. కృంగుదురని ఊహింపబడినవారు అందరును కృంగలేదు. ఊహ తప్పినందున కాదు, తోడు దొరికినందున.

ఇక్కడ పరిశుద్ధ గ్రంథములోని ఇద్దరు నాకు జ్ఞాపకము వచ్చుచున్నారు. ఒకడు యోనా. నలువది దినములలో నీనెవె నాశనమగునని అతడు ప్రకటించెను. జనులు విని మార్పు చెందిరి, పట్టణము నిలిచెను. యోనా సంతోషించెనా? లేదు, తన మాట తప్పిపోయెనని అలిగి పట్టణము వెలుపల కూర్చుండెను. హెచ్చరిక నెరవేరుట అపజయమనియు, నెరవేరకపోవుటయే దాని జయమనియు అతడు గ్రహింపలేదు. లెక్క కట్టువారికి ఇందులో పాఠమున్నది. తాము చెప్పిన లెక్క ఎంత సరిగా వచ్చెనని మాత్రమే వారు కొలిచిన యెడల, మనుష్యులు పడిపోవుట వారికి లాభముగా కనబడును. తమ లెక్క తప్పించుటకు ఎంతమంది పాటుబడిరో కూడ కొలువవలెను.

రెండవ దృష్టాంతము పేతురు. అతడు తెల్లవారకముందే పడిపోవునని యేసు ప్రభువు ముందుగా ఎరిగి అతనితో చెప్పెను. ఎట్లు చెప్పెనో చూడుము. పడిపోవుదువని చెప్పిన ఆ సంభాషణలోనే, తాను అతనికొరకు ప్రార్థించితినని చెప్పెను. తిరిగి వచ్చిన తరువాత సహోదరులను బలపరచు పనిని కూడ అప్పగించెను. పడుటను గూర్చిన మాటకు ముందు ప్రార్థన ఉన్నది, వెనుక అతనికొరకు ఖాళీగా ఉంచిన స్థలము ఉన్నది. అందుకే ఆ ముందుమాట పేతురునకు శిక్షావిధి కాలేదు. ఆ రాత్రి వెలుపలికి పోయి ఏడ్చినప్పుడు అతనికి తిరిగి వచ్చుటకు ఒక దారి మిగిలియుండెను. నీవు చెప్పనున్న ముందుమాటకు అట్టి ముందును వెనుకయు లేని యెడల, నోరు తెరువక ముందు వాటిని సిద్ధపరచుకొనుము.

"నీవు కృంగిపోవుదువేమో" అని రోగితో చెప్పిన యెడల ఆ మాటయే అతనిని కృంగదీయదా అని నీవు అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. తీర్పువలె చెప్పిన యెడల కృంగదీయును. అయితే ఈలాగు చెప్పి చూడుము: "ఇట్టి వ్యాధిలో చాలమందికి మనస్సు కూడ నలిగిపోవును. అది పాపము కాదు, పిరికితనము కాదు. నీకు ఆలాగు అనిపించిన దినమున నాకు చెప్పుము. చెప్పకపోయినను నేను మంగళవారము వచ్చి అడిగెదను." ఇందులో జోస్యమును ఉన్నది, ఏర్పాటును ఉన్నది. విన్నవానికి సిగ్గు తగ్గును. మాటలాడుటకు చోటు దొరకును. నేను ఆ యౌవనస్థునికి ఇయ్యనిది ఆ చోటే.

విశ్వాసికి కృంగుదల యేమిటని కొందరు అడుగుదురు. కర్మెలు కొండమీద అగ్నిని దింపిన ఏలీయాయే ఆ తరువాత అరణ్యమునకు పారిపోయి, బదరీవృక్షము క్రింద చావు కోరెను. దేవుడు అతనిని గద్దించుటకు ముందు దూతచేత రొట్టెయు నీళ్లును ఇప్పించెను, రెండు మారులు నిద్రపోనిచ్చెను. ప్రశ్నలు తరువాత వచ్చెను. గనుక మందు వేసికొనువానితో, "నీ విశ్వాసము చాలదు" అని ఎన్నడును అనకుము. ప్రార్థించుము, ప్రార్థించి వైద్యుని యొద్దకు తోడు పొమ్ము.

ఇక నీవు చేయదగిన పనులను చెప్పి ముగింతును. నీకు తెలిసినవారిలో ఎవరికైన పెద్ద వ్యాధి ఉన్నదని ఈ నెలలో వినిన యెడల, మూడు కాలములను క్యాలెండరుమీద గుర్తు వేసికొనుము. వ్యాధి తెలిసిన మొదటి వారము ఒకటి. చికిత్స ముగిసి అందరును అభినందించి వెళ్లిపోయిన తరువాతి నెల ఒకటి. తిరిగి పరీక్షకు పోవలసిన దినమునకు ముందు రాత్రి ఒకటి. మేము రెండవదానిలోనే తప్పిపోతిమి. వ్యాధి వెళ్లినదని మేము వెళ్లిపోతిమి. అతడు అప్పుడే భయపడుటకు తీరిక పొందెను.

వెళ్లినప్పుడు ధైర్యమును మెచ్చుకొనుటకు తొందరపడకుము. నిద్ర పట్టుచున్నదా, నొప్పి తగ్గినదా, అప్పు సంగతి ఏమి, మునుపెన్నడైన మనస్సు ఈలాగు నలిగినదా అని అడుగుము. రెండు వారములుగా దేనియందును ఇష్టము లేని యెడల వైద్యునికి తెలియజేయుము. చావవలెనని అనిపించుచున్నదా అని అడుగుటకు భయపడకుము. ప్రేమతో అడుగుటవలన ఆ తలంపు పుట్టదు, లోపలనున్నది బయటకు వచ్చును. అట్టి మాట వినిన యెడల ఆ మనుష్యుని ఒంటరిగా విడువకుము. 2022 అక్టోబరునుండి ప్రభుత్వమువారు నడుపుచున్న టెలి మానస్ అను సహాయము 14416 నంబరున రాత్రింబగళ్లు ఉచితముగా, తెలుగులోను దొరకును. నొప్పి తగ్గని వ్యాధిలోనున్నవారికి ఉపశమన వైద్యము మన నగరములోనే గలదు; ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్‌వంటి చోట్ల రోగి అంత్య దినములలో అతనిని, అతని ఇంటివారిని కూడ ఆదరించుచున్నారు.

ఆ యౌవనస్థుడు ఇప్పుడు మా సంఘములో ఒక పని చేయుచున్నాడు. ఎవరికైన పెద్ద వ్యాధి అని తెలిసిన యెడల, నాకంటె ముందుగా అతడే వెళ్లును. ఏమి చెప్పుదువని ఒకసారి అడిగితిని. "ఏమీ చెప్పనండి. 'రాత్రిళ్లు ఎలా ఉంటోంది?' అని అడుగుతాను, అంతే" అనెను. మొన్న ఆ విధవరాలికి తిరిగి పరీక్ష చేయవలసి వచ్చినప్పుడు, ముందు రాత్రి ఆమె గదిలో కూర్చుండిన వారిలో అతడును ఉండెను.

ప్రియ చదువరీ, నీ జ్ఞాపకములో ఇప్పుడు ఎవరి ముఖము మెదలుచున్నది? ఆ మనుష్యుడు కృంగునో నిలుచునో నీకు నిశ్చయముగా తెలియదు. నాకును తెలియదు. అయితే మంగళవారమున ఎవరు వెళ్లవలెనో మనకు తెలియును.